మార్త చేసినది పనియా, పరిచర్యయా?

నేటి తెలుగు క్రైస్తవ సంఘములలో మిక్కిలి వాడుకయందున్న మాటలలో 'పరిచర్య' యొకటి. బోధకుని ప్రసంగము పరిచర్య. సువార్తికుని పర్యటనము పరిచర్య. పాటల బృందమువారి గానము సైతము పరిచర్యయే. సభల గోడపత్రికలపై ఈ మాట లేనిది అరుదు. అయినను సంఘపు వంటశాలలోనికి ఈ మాట యంతగా ప్రవేశింపలేదు. ప్రేమవిందునకై తెల్లవారుజామున లేచి బియ్యము కడిగిన స్త్రీ చేసినది 'పని'. ఆ యన్నము భుజించి లేచి కృతజ్ఞతాప్రార్థన చేసిన వాని వంతు 'పరిచర్య'. ఈ భేదము కొంత సంఘపు కట్టుబాట్లలో, కొంత మన గృహములలో, మరికొంత తెలుగు బైబిలు అనువాదమున పుట్టినదని మా యభిప్రాయము. మొదటి రెండును సమాజశాస్త్రజ్ఞులు విచారింపదగినవి. మూడవది భాషాసాహిత్యములను బోధించు మన శాఖల పని. మేమిచట వేదాంతనిర్ణయమునకు పూనుకొనుట లేదు. ఒక మాట చరిత్రను, ఆ మాట మోయుచున్న బరువును మాత్రమే పరిశీలించుచున్నాము.

ఈ పరిశీలనమునకు వరంగల్లు ప్రాంతమును గైకొనుటకు కారణము కలదు. ఇచటి సంఘములకు నూరేండ్లకు మించిన చరిత్ర యున్నది. అమెరికన్ బాప్టిస్టు మిషను 1879లో హనుమకొండయందు కేంద్రమును నెలకొల్పినది. తిరునల్వేలి క్రైస్తవులు 1903లో స్థాపించిన ఇండియన్ మిషనరీ సొసైటీ దోర్నకల్లును తన క్షేత్రముగ నెన్నుకొన్నది. అచట పనిచేసిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912లో బిషప్పుగ అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి నందిన తొలి భారతీయుడయ్యెను. 1952లో వరంగల్లు కతోలిక మేత్రాసన మేర్పడినది. కతోలికుల బైబిలు అనువాదము వేరగుటచే దానిని ఈ వ్యాసమున చేర్చలేదు.

ఈ చరిత్రలో స్త్రీల పాలు మొదటినుండియు చిన్నది కాదు. బాప్టిస్టు మిషనువారి చరిత్రలోని ఒంగోలు ప్రార్థనకొండను 1854 జనవరి 1వ తేదీన ఎక్కినవా రైదుగురు: జూయెట్టు దంపతులు, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు స్త్రీలే. దోర్నకల్లులో అజరయ్య గ్రామోపదేశకులతోపాటు వారి భార్యలను గూడ శిక్షణమునకు పిలిపించెను. ఆయన భార్య అంబు అజరయ్య స్త్రీలలో విశేషముగ పనిచేసెను. దీని మేలు గొప్పది. అక్షరము నేర్చిన స్త్రీ మారుమూల పల్లెకు చేరినది. కాని, ఉపదేశకుని భార్య యనగా తానును ఉపదేశకురాలే యను భావము గూడ దీనితోడనే స్థిరపడినది. పదవి యొకటి, పనిచేయు చేతులు నాలుగు. నేటికిని మన సంఘములలో పాస్టరు భార్యను 'పాస్టరమ్మ' యనుట పరిపాటి. సోమయాజి భార్య 'సోమిదమ్మ' యైనట్లు, ఇదియు భర్త పదవినుండి వచ్చిన బిరుదే. ఆ బిరుదువెంట బాధ్యత వచ్చును గాని నియామకపత్రము రాదు. దక్షిణ ఇండియా సంఘమున 2013లో నంద్యాల అధ్యక్షమండలమునకు ఇ. పుష్పలలిత తొలి మహిళా బిషప్పుగ నియుక్తురాలగుట గొప్ప మార్పే. అయినను పాస్టరమ్మల స్థితి దానివలన మారినదని చెప్పజాలము.

సామాన్య సంఘస్త్రీ వారమెట్లు గడచుచున్నదో చూడుడు. ఆదివారమున సండేస్కూలు, ఆరాధన. వారము నడుమ గృహకూడిక. శుక్రవారమున ఉపవాసప్రార్థన. శనివారమున ఆలయము ఊడ్చి, కడిగి, చాపలు పరచుట. స్త్రీల సమాజ మనుడు, స్త్రీల మైత్రి యనుడు, పేరేదైనను నెలసరి కూటములు, చందాలు, రోగుల పరామర్శ వారివే. లెంటు నలువది దినములు, డిసెంబరున క్రిస్మసు పాటల పర్యటనములు, ఏడాది చివర రాత్రి జాగరణప్రార్థన, మధ్య మధ్య ఉజ్జీవసభలు. వంటకు ముందు పిడికెడు బియ్యము తీసి సంఘమునకై కుండలో వేయు ఆచారము తెలుగు పల్లెసంఘములలో చిరకాలముగ నున్నది. ఆ పిడికెడు తగ్గినది ఎవరి కంచములోనో అడిగినవారు లేరు. ఈ స్త్రీలు ఇతర వృత్తులు లేనివారు కారు. ఆసుపత్రులలో రాత్రివంతు ముగించుకొని వచ్చిన నర్సులు, ఉపాధ్యాయినులు, అంగన్వాడీ కార్యకర్తలు, నాట్లకును పత్తి యేరుటకును పోవు కూలీలు, బీడీలు చుట్టువారు వీరిలో కలరు. బీడీ కూలి వేయి బీడీల లెక్కన వచ్చునది. శుక్రవారపు ప్రార్థనకై లేచినచో ఆ లెక్క తగ్గును. ఉపవాసదినమున ఆమె యుపవసించును. ఇంటివారికి మాత్రము వండును.

ఇది చూచి, సంఘమునకు పోవుట తగ్గించుకొనుడని సలహా యిచ్చుట తేలిక. అట్టి సలహా యిచ్చువారు ఆ స్త్రీకి సంఘమున లభించునది యేమో యెరుగరని మేమందుము. ఇంట నోరెత్తని స్త్రీ అచ్చట లేచి పదిమంది యెదుట ప్రార్థించును. చదువు రానిది కీర్తనలు కంఠస్థము చేయును. బిడ్డ జబ్బు, భర్త తాగుడు, అప్పు — వీనిని చెప్పుకొనుటకు ఆమెకు వేరొక చోటు లేదు. కావున ఆమెను అలయజేయునదియు, ఆమెకు ఊపిరి నిచ్చునదియు ఒక్కటే యగుచున్నది. ఈ చిక్కును విప్పుటకు ముందు, ఆమె యలసటను చెప్పుటకు సంఘభాషలో మాట యున్నదా యని చూడవలసియున్నది.

ఇక మూలమునకు వత్తము. లూకా సువార్త 10వ అధ్యాయమున మార్త మరియల కథ స్త్రీల కూటములలో తరచుగ బోధింపబడునది. యేసు వారి యింటికి వచ్చును. మరియ ఆయన పాదములయొద్ద కూర్చుండి వాక్యము వినును. మార్త ఆతిథ్యపు టేర్పాట్లలో మునిగి, చెల్లెలు తనకు తోడు రాలేదని ఫిర్యాదు చేయును. యేసు మార్తను మందలించి, మరియ యెన్నుకొన్నది ఉత్తమమైనదని చెప్పును. గ్రీకు మూలమున మార్త చేసినదానికి వాడిన పదము 'దియకోనియ'. ఆమె నోట వచ్చిన క్రియయు ఆ ధాతువునకు చెందినదే. బైబిలు సొసైటీవారి ప్రచురణగ మన సంఘములలో తరతరములుగ చదువబడుచున్న తెలుగు అనువాదమున ఈ రెండు తావులను 'పని' యనియే యున్నది.

అదే దియకోనియ అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయమున ఎట్లు తెలిగింపబడినదో గమనింపుడు. విధవరాండ్రకు దినదినము ఆహారము పంచు ఏర్పాటునకు అచ్చట 'పరిచర్య' యని వాడిరి. అపొస్తలులు తమకై యుంచుకొన్న వాక్యబోధకును 'పరిచర్య'యే. అనగా సంఘము తీర్మానించి, పురుషుల నేడుగురిని నియమించి, జరిపించిన అన్నదానము పరిచర్య యైనది. ఒక స్త్రీ తన యింట తానై చేసిన అన్నదానము పని యైనది. మూలమున మాట యొక్కటే.

మార్కు సువార్త మొదటి అధ్యాయము ఇంకను విశేషమైనది. అరణ్యమున యేసునకు దేవదూతలు చేసినదియు, జ్వరము విడిచి లేచిన సీమోను అత్త చేసినదియు గ్రీకున నొకే క్రియ. రెంటికిని నడుమ ఇరువది వచనములైనను లేవు. తెలుగున దేవదూతలది 'పరిచర్య', అత్తగారిది 'ఉపచారము'. లూకా 8వ అధ్యాయమున తమ యాస్తిని వెచ్చించి శిష్యబృందమును పోషించిన స్త్రీలదియు ఉపచారమే. మనుష్యకుమారుడు తన రాకకు కారణము చెప్పునపుడు మార్కు 10వ అధ్యాయమున 'పరిచారము' అను మూడవ రూపము వచ్చినది. రోమా పత్రిక 16వ అధ్యాయమున ఫీబే యను స్త్రీని మాత్రము 'పరిచారకురాలు' అని గౌరవముతో తెలిగించిరి. దీనినిబట్టి అనువాదకులకు స్త్రీలపై చిన్నచూపు కలదని తేల్చుట తొందరపాటగును.

ఈ విషయమున ప్రతిపక్షమునకును బలము కలదు. ఒనేసిఫోరు అను పురుషుడు ఎఫెసులో చేసిన సేవను రెండవ తిమోతి పత్రికయందు ఉపచారమనియే తెలిగించిరి. మత్తయి 25వ అధ్యాయపు తీర్పుదృశ్యమున ఆకలిగొన్నవారికి చేయవలసినదియు ఉపచారమే. అది స్త్రీపురుషుల నందరిని ఉద్దేశించినది. కావున విభాగము స్త్రీపురుష భేదమును బట్టి కాక, దేహపోషణము ఒకవైపు, వాక్యబోధనము, సంఘనియమితకార్యము వేరొకవైపు అను భేదమును బట్టి జరిగినదని మేము తలంచుచున్నాము. అయితే దేహపోషణము మన దేశమున ఎవరి మీద పడినదో వేరుగ చెప్ప బనిలేదు. అనువాదకులు గీచిన గీత స్త్రీలకొరకు గీచినది కాకున్నను, వచ్చి యాగినది వారి యెదుటనే.

ఇంకొక విచిత్రము. సంస్కృతాంధ్రముల పూర్వవాఙ్మయమున 'పరిచర్య' గురువునకు శిష్యుడు, పతికి భార్య, అతిథికి గృహిణి చేయు అణకువగల సేవ. 'ఉపచారము' దేవాలయమున వినబడు మాట, షోడశోపచారములు దేవునికే. ఈ రెంటిలో నేది యెక్కువయో పూర్వపండితుని అడిగినచో ఉపచారమునకే యోటు వేసియుండును. సంఘభాషలో ఈ తారతమ్యము తలక్రిందులైనది. వేదిక యెక్కిన పరిచర్య పెద్దదైనది. కంచము పట్టిన ఉపచారము చిన్నదైనది. పదములకు గౌరవము నిఘంటువులనుండి గాక, వానిని పలుకువారి కుర్చీలనుండి వచ్చుననుటకు ఇంతకన్న మంచి యుదాహరణము మాకు కనబడలేదు. జాన్ ఎన్. కాలిన్స్ అను పండితుడు 1990లో దియకోనియపై ప్రకటించిన గ్రంథమున, ఈ పదమునకు భోజనసేవకన్న నియోగింపబడిన కార్యము, ప్రతినిధిత్వము అను అర్థమే ముఖ్యమని వాదించెను. ఆ వాదము నంగీకరించినచో మార్త 'పని' మరింత పెద్దది కావలసివచ్చును.

ఇప్పుడు మందలింపును చూతము. అందు మూలమున 'అనేకమైనవి' యను విశేషణమాత్రమే కలదు, నామవాచకము లేదు. మార్త అనేకమైనవానిని గూర్చి కలతపడుచున్నదని భావము. తెలుగున దానికి 'పనులు' అను మాట చేరినది. భాషాసౌలభ్యమునకై చేరినదే, అందు దోషమెన్నుట కష్టము. కాని ఫలిత మేమి? మూలమున కలతపై పడిన మందలింపు తెలుగున పనులపై పడినది. తెలుగు శ్రోత చెవికి యేసు మార్త వంటనే తప్పుపట్టినట్లు వినబడును. అట్లే, మార్త స్థితిని చెప్పుటకు మూలమున వాడిన తొలి క్రియ, నాలుగు ప్రక్కలకు లాగబడుట యను చిత్రమును గలది. పిదప మందలింపులోని క్రియ వేరు. తెలుగున రెంటికిని 'తొందరపడు' అనియే వాడిరి. పూర్వపు తెలుగున తొందర యనగా చిక్కు, శ్రమ, కలత. బ్రౌను నిఘంటువున ఆ యర్థము కలదు. నేటి తెలుగున తొందర యనగా త్వర. కావున నేటి శ్రోతకు మార్త కేవలము ఆత్రగత్తెగ కనబడుచున్నది. నలువైపులకు లాగబడిన స్త్రీ కనుమరుగైనది. అనువాదకుల కాలమున సరియైన మాట కాలక్రమమున తప్పుదారి చూపుట భాషాచరిత్రలో క్రొత్త కాదు. అట్టి మాటను వేదికపై విప్పి చెప్పు భారము బోధకునిది.

అలసటను గూర్చిన మాటలోను ఇట్టి చీలికయే యున్నది. గ్రీకున 'కొపియావో' యను క్రియకు శ్రమపడుట, శ్రమవలన అలసిపోవుట అను రెండర్థములును కలవు. యోహాను సువార్త 4వ అధ్యాయమున బావియొద్ద కూర్చున్న యేసునకు ఈ క్రియ వచ్చినపుడు తెలుగున 'అలయుట' యనిరి. రోమా పత్రిక చివర పౌలు పేర్కొన్న మరియ, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు అను స్త్రీలకు అదే క్రియ వచ్చినపుడు 'ప్రయాసపడుట' యనిరి. సందర్భమును బట్టి రెండును సరియైన యనువాదములే. పౌలు తన్ను గూర్చి చెప్పుకొన్నప్పుడును ప్రయాసయే వాడబడినది. ఐనను మూలమును వినిన రోమా స్త్రీకి తన ప్రయాసలో అలసటయు ధ్వనించెడిది. తెలుగు స్త్రీకి ప్రయాస బిరుదుగ దక్కినది. అలసట యను సగము జారిపోయినది. మన సంఘములలో వృద్ధస్త్రీల సమాధికార్యక్రమమున 'ప్రభువుకొరకు ప్రయాసపడినది' యని పొగడుట వినని వారుండరు. ఆమె బ్రతికియుండగా 'అలసినది, ఈ నెల విడువుడు' అని ఎవరైన తీర్మానించిరా యనునది వేరు ప్రశ్న.

ఈ లోపమునంతను బైబిలు అనువాదముపై మోపుట అన్యాయము. క్రైస్తవము రాకమున్నే తెలుగు కావ్యము గృహిణికి అలసట లేదని తీర్పు చెప్పియున్నది. మనుచరిత్రమున ప్రవరుని యిల్లాలిని పెద్దన వర్ణించిన పద్యము మన విద్యార్థుల కందరికి కంఠస్థమే. ఎందరు అతిథులు వచ్చిపడినను ఆమెకు వంట బడలిక కలిగింపదనియు, ఆమె అన్నపూర్ణకు సాటి యనియు కవి ప్రశంస. అచట కవి నిషేధార్థమున వాడిన ధాతువు 'అలయు' అనునదే యగుట గమనింపదగినది. యోహాను సువార్త తెలుగున దేవుని కుమారుడు అలయును; తెలుగు కావ్యమున సోమిదమ్మ అలయదు! వరంగల్లు సంఘస్త్రీ ఈ రెండు గ్రంథముల భాషకును వారసురాలు. రెండవదానిని ఆమె చదివియుండకపోవచ్చును. కాని ఆమె అత్తగారు, ఆడబిడ్డలు, సంఘపెద్దలు ఆమెను కొలుచు కొలబద్ద ఆ పద్యములోనిదే. దానిపై మార్త కథ వచ్చి చేరినపుడు రెండు ధర్మములు ఏకకాలమున ఆమెపై పడుచున్నవి: అన్నపూర్ణవలె వండవలెను, మరియవలె కూర్చుండవలెను. వండకున్నచో నింద, వండి కూర్చుండకున్నచో ప్రసంగము.

మార్తను గూర్చిన వ్యాఖ్యానపరంపర సైతము ఒక్కతీరున లేదు. ఓరిజను మొదలుకొని పలువురు మార్తను కర్మమార్గమునకు, మరియను ధ్యానమార్గమునకు ప్రతీకలుగ జేసిరి. మన వేదికలపై వినబడునది ఆ పరంపరయే. మధ్యయుగపు జర్మను బోధకుడు ఎక్‌హార్టు దీనిని తలక్రిందులు చేసి, పనిలోనుండియు దేవునితో నుండగల మార్తయే పరిపక్వురాలని చెప్పెను. ఎలిజబెత్ షూస్లర్ ఫియొరెంజా మొదలగు నేటి స్త్రీవాదవ్యాఖ్యాతలు, ఈ కథలో తొలి సంఘమునందలి స్త్రీల పరిచర్యను గూర్చిన వివాదపు జాడలను చూచిరి. మాకు నచ్చినది వీనిలో నేదియు పూర్తిగ కాదు. ఎక్‌హార్టు మార్త ఎంత గొప్పదైనను అలసటకు అతీతురాలు. అట్టి పొగడ్త సోమిదమ్మకు దక్కిన పొగడ్తవంటిదే. మార్త నోటినుండి వచ్చినది తత్త్వము కాదు. తోడు కావలెనను కోరిక. ఆ కోరికను వ్యాఖ్యాతలు అంతగ పట్టించుకొనలేదు. ఆ యింట మరియ తప్ప లేచి సాయము చేయగలవారు లేరా? శిష్యులు ప్రయాణమునందున్నారని కథ యారంభమున లూకాయే చెప్పియున్నాడు. మార్త వారి తోడు కోరలేదు, చెల్లెలి తోడునే కోరినది. అలసిన స్త్రీ తోడునకై వెదకునపుడు మరొక స్త్రీవైపే చూచుట రెండువేల యేండ్ల తరువాతను మారలేదు.

ఇచట పాఠభేద మొకటి పరిశోధక విద్యార్థులు గుర్తింపదగినది. అవసరమైనది ఒక్కటే యను వాక్యమునకు బదులు, కొన్ని ప్రాచీన వ్రాతప్రతులలో 'కొన్నియే, లేదా ఒక్కటే' యను పాఠము కలదు. దీనినిబట్టి యేసు వంటకముల సంఖ్యను గూర్చియే మాటలాడెనని, ఒకటి రెండు వంటకములు చాలునని మార్త భారమును తగ్గించెనని కొందరు వ్యాఖ్యానించిరి. ఏ పాఠము మౌలికమో నిర్ణయించుట మా శక్తికి మించినది. కాని ఈ రెండవ యర్థమున మందలింపు ఊరటగ మారుచున్నది. పరలోకమును గూర్చిన పాఠముకన్న, ప్రేమవిందున బిర్యానితోపాటు మూడు కూరలేల యను పాఠము స్త్రీల కూటమునకు దగ్గరిది. దానిని స్త్రీల కూటమున గాక, సంఘపెద్దల కూటమున చదువుట మేలు.

విశ్రాంతిని గూర్చిన యాజ్ఞను గూడ ఈ దృష్టితో చదువవలెను. నిర్గమకాండము 20వ అధ్యాయమున ఏడవ దినమున పనినుండి విడువబడువారి పట్టిక యున్నది: నీవు, కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పశువులు, పరదేశి. భార్య పేరు లేదు. ఆమె 'నీవు' అను మాటలోనే యిమిడియున్నదని కొందరును, గృహిణి పని ఆ దినమున గూడ ఆగదు గనుకనే పేర్కొనలేదని కొందరును చెప్పుదురు. హీబ్రూ మూలమున ఆ సంబోధనము పుంలింగము. తెలుగున 'నీవు'నకు లింగము లేదు. మూలమున భర్త చాటున నిలిచిన స్త్రీ తెలుగున నేరుగ పిలువబడుచున్నది. మన యనువాదము ఇతరస్థలములలో ఆమెకు తగ్గించినదానిని, భాషాస్వభావముచేతనే, ఇచట తిరిగి యిచ్చినది. వరంగల్లు, హనుమకొండ, దోర్నకల్లు సంఘముల స్త్రీల సమాజములలో మినిట్సు పుస్తకములు, పిడికెడు బియ్యపు లెక్కలు ఇంకను కొన్ని దొరకవచ్చును. ఆ 'నీవు'ను తమకు చెప్పిన మాటగ ఆ స్త్రీలు ఏనాడైన గైకొనిరా, గైకొని ఏదైన పనిని మానుకొనుటకు తీర్మానము చేసిరా యనునది ఆ పుటలలో వెదకదగిన విషయము.